కబురు, జాబు, సెల్ ఫోను: పటమట పేటల వాగ్వ్యవహారముపై ఒక విమర్శ

1. విషయ ప్రస్తావన

తెలుగున 'ఉత్తరము' అనగా లేఖ. సంస్కృతమున ఆ మాటకు బదులు అనియే ప్రధానార్థము. 'జాబు' సంగతియు అట్టిదే. 'జవాబు' అను అన్యదేశ్యమే మనకు జాబైనది. అనగా లేఖను తెలుపు మన రెండు ముఖ్య పదములును మొదట బదులును తెలిపినవే. ఇక 'కబురు' అరబ్బీ 'ఖబర్' నుండి ఉర్దూ ద్వారమున వచ్చి, ఒకరి నోట మరియొకరికి పంపు మాట యను అర్థమున స్థిరపడినది. కబురు పంపుటకు అక్షరములు అక్కరలేదు. మోసికొనిపోవు మనిషి కావలెను. జాబు పంపుటకు అక్షరములు కావలెను. అవి రానివారికి వ్రాసిపెట్టువాడొకడు, చదివిపెట్టువాడొకడు కావలెను. అక్షరమును వలదు, నడుమ మనిషియు వలదు అను ఆశతో వచ్చిన మూడవ సాధనము సెల్ ఫోను.

ఆ ఆశ పేదల వాడలలో ఎంతవరకు నెరవేరినది? ఇది సాంఘికశాస్త్రజ్ఞుల ప్రశ్న మాత్రమే కాదు. మాట యెట్లు పుట్టును, ఎవరి నోట నడచును, ఎచ్చట లిపియగును అను విచారము భాషాసాహిత్య విద్యార్థులది. అందుచే ఈ విషయము తెలుగు శాఖల పరిశీలనకు వెలుపలిది కాదని నా తలంపు. విజయవాడ నగరమునందలి పటమట, దానిని ఆనుకొనియున్న ఆటోనగరు, వాటితో నిత్యసంబంధము గల కృష్ణా డెల్టా గ్రామములు ఈ వ్యాసమునకు ఆధారభూమి.

నా సిద్ధాంతమును ముందుగనే చెప్పుట మేలు. సమానులగు పేదల నడుమ ఫోను వాక్కుగనే నిలిచినది. అచ్చట అది వారి సొత్తు. ప్రభుత్వము, బ్యాంకు, వర్తక సంస్థ మొదలగు అధికార స్థానములకును పేదలకును నడుమ అది లిపిగా మారినది. అచ్చట పాత రాయబారి మరల ప్రవేశించినాడు. ఈ భేదమును పాటింపక, ఫోను పేదలకు మేలు చేసెనా కీడు చేసెనా యని వాదించుట నిష్ప్రయోజనము.

2. పూర్వుల అభిప్రాయములు

ఈ విషయమున మిక్కిలి ప్రసిద్ధి నొందిన పరిశోధన అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞుడు రాబర్ట్ జెన్సన్ 2007లో ప్రకటించినది. 1997 నుండి 2001 వరకు కేరళ తీరమున ఫోను సేవ క్రమముగా వ్యాపించినపుడు సార్డిను చేపల వ్యాపారమున కలిగిన మార్పును ఆయన పరిశీలించెను. జాలరులు సముద్రము మీదనుండియే వేర్వేరు రేవులలోని ధరలు తెలిసికొని, ధర గల రేవునకు పడవ నడపిరి. అమ్ముడుపోక పారవేయు చేప దాదాపు లేకపోయెను. జాలరుల లాభము సగటున 8 శాతము పెరిగెను; కొనువారి ధర 4 శాతము తగ్గెను. ఫోను పేదలకు వరమని చెప్పువారందరును ఈ లెక్కలను ఉదాహరించుట వాడుకయైనది.

ఈ పరిశోధన విలువను తగ్గించుట నా ఉద్దేశము కాదు. కాని ధర తెలియుట వేరు, ఆ ధరకు అమ్ముకొను స్వేచ్ఛ యుండుట వేరు. 2013లో జానకి శ్రీనివాసన్, జెన్నా బరెల్ అనువారు అదే కేరళ జాలరులను గూర్చి వ్రాయుచు, ఫోను ఉపయోగమును ధరవార్త యొక్కదానికే కుదించుట చాలదని వాదించిరి. మన డెల్టాలో దీనిని బోధపరచుటకు కౌలురైతు ఉదాహరణము చాలును. పెట్టుబడికి వ్యాపారి వద్ద అప్పు తెచ్చుకొన్నవాడు పంట ఆ వ్యాపారికే వేయవలెను. పొరుగూరి మిల్లులో బస్తాకు ఎంత పలుకుచున్నదో ఫోను అతనికి క్షణములో చెప్పును. ఆ తెలివిడి అతనికి లాభమును గాక బాధను మాత్రమే మిగుల్చును. వార్త చేరినంత మాత్రమున వశము చేరదు.

రెండవది ఆసా డోరన్, రాబిన్ జెఫ్రీలు 2013లో ప్రకటించిన గ్రంథము. కాశీ పడవవారి నుండి 2007 ఉత్తరప్రదేశ్ ఎన్నికల కార్యకర్తల వరకు, కోడండ్ర చేతిలోని ఫోను నుండి వీధిలోని మరమ్మతు బల్ల వరకు భారతీయ జీవితమున ఫోను చొచ్చిన తీరును వారు విపులముగ వర్ణించిరి. ధనము నొక్కదానినే కాక బంధుత్వమును, స్త్రీపురుష భేదమును, కులమును లెక్కకు తీసికొనుట ఈ గ్రంథమునకు గల గుణము. అయితే దీనికొక కాలపు ఎల్ల కలదు. చవుకయైన ఇంటర్నెట్టు దేశమెల్ల పరచుకొనినది 2016 తరువాత. కావున ఈ గ్రంథములోని పేదవాని ఫోను ప్రధానముగ మాటలాడు ఫోనే. మరియు, జనులు ఫోనులో ఏమి మాటలాడుచున్నారు, ఏ మాటలతో మాటలాడుచున్నారు అను భాషావిచారము అందు స్వల్పము. ఆ లోపము పూరింపవలసినవారు ఆయా దేశభాషల విద్వాంసులే గాని ఆ గ్రంథకర్తలు కారు.

3. ఫోనునకు ముందు: కబురు మోయువారు

పటమట పూర్వమొక గ్రామము. 1985లో గుణదల, భవానీపురములతోబాటు విజయవాడ నగరపాలక సంస్థలో కలసినది. దాని ప్రక్కనే 1960 దశాబ్దిలో ఏర్పడిన ఆటోనగరు లారీల మరమ్మతునకు, బాడీ నిర్మాణమునకు, లేతు పనికి, విడిభాగముల వర్తకమునకు దేశమున పేరెన్నికగన్నది. మెకానిక్కులు, రంగులు వేయువారు, లారీ క్లీనర్లు, ముఠా కూలీలు, తాపీ పనివారు, ఇండ్లలో పనిచేయు స్త్రీలు, చుట్టుపట్ల గ్రామములనుండి దినదినము వచ్చిపోవువారు: ఈ జనమునకు వార్త జీవనాధారము. నేడు పని యెచ్చట ఉన్నది, బండి యే ఊరికి పోవుచున్నది, ఇంటివద్ద పిల్లవాని జ్వరము తగ్గినదా అను మూడు ప్రశ్నలలో వారి దినము ఇమిడియున్నది.

ఫోను లేని నాడు ఈ ప్రశ్నలకు బదులు మనిషి మోసికొని రావలెను. బందరు పోవు లారీ డ్రైవరు దారిలోని ఊరికి కబురు చేర్చెడివాడు. ఆ పిమ్మట 'పి.పి. నంబరు' వచ్చినది. ఫోను గల ఇంటివారి నంబరును, లేదా కిరాణా దుకాణము నంబరును తనదిగా చెప్పుకొని, 'పక్కింటివాళ్లని పిలవండి' అని అడిగించుకొనుట అప్పటి రీతి. 1980 దశాబ్ది చివరనుండి వెలసిన ఎస్.టి.డి. బూతులలో రాత్రి ప్రొద్దుపోయిన పిదప రేటు తగ్గువరకు జనులు వరుసగా వేచియుండెడివారు. ఈ రెండు రీతులయందును మాటకు చాటు లేదు. కూతురి కాపురపు సంగతి ప్రక్కయింటి నడవలో నిలిచి మాటలాడవలెను. అప్పు సంగతి బూతు యజమాని వినుచుండగా చెప్పవలెను. పేదవాని మాటకు ఏకాంతము లేకుండుట ఆనాటి ప్రధాన లక్షణము.

భారతదేశమున తొలి సెల్ ఫోను సంభాషణ 1995 జూలై 31న జరిగినది. నాటి రేటు నిమిషమునకు 16 రూపాయల వరకు ఉండెను. వచ్చిన పిలుపునకును రుసుము చెల్లింపవలసియుండెను. పేదల చరిత్రలో అంతకంటె ముఖ్యమైన సంవత్సరము 2003. ఆ యేట వచ్చు పిలుపు ఉచితమైనది. అప్పుడే లారీ క్లీనరు జేబులోనికి, తాపీ మేస్త్రి చొక్కాలోనికి ఫోను దిగినది. ఎత్తుట ఉచితము, చేయుట ఖర్చు అను ఈ చిన్న ఏర్పాటే తరువాతి పదునైదేండ్ల వాగ్వ్యవహారమును శాసించినది.

కూలీల అడ్డాలో దీని ఫలితము స్పష్టము. పూర్వము తెల్లవారకమునుపే అడ్డా చేరి నిలుచున్నవానికే పని. ఫోను వచ్చిన పిదప మేస్త్రి ముందునాటి రాత్రియే తనకు తెలిసిన నలుగురిని పిలిచికొనును. నంబరు గలవానికి అడ్డాలో నిలుచు అవమానము తప్పినది. నంబరు లేనివాడును, మేస్త్రికి తెలియనివాడును ఇంకను అడ్డాలోనే నిలిచియున్నారు. వారికి మిగిలిన పని తగ్గినది. డెల్టాలో నాట్లు వేయు ఆడకూలీల ముఠాలయందును ఇదే తీరు. రైతు ముఠా పెద్దకు ఫోను చేయును. ఆమె తక్కినవారికి ఇంటింటికి కబురు చెప్పును. ఫోను ముఠా పెద్ద వరకు వచ్చి ఆగినది. అచ్చటినుండి నడచినది పాత కబురే.

4. ఫోను మాటలు: నామము పరాయిది, క్రియ మనది

ఈ వ్యవహారమునకు జనులు వాడు మాటలు పరిశీలింపదగినవి. నామములన్నియు ఆంగ్లము నుండి వచ్చినవే: సిమ్ము, బ్యాలెన్సు, రీఛార్జి, సిగ్నలు, టవరు, మెసేజి. క్రియలు మాత్రము తెలుగువి. ఫోను 'ఎత్తుదురు', 'పెట్టేయుదురు'. తీగ ఫోను గొట్టమును ఊయల మీదనుండి ఎత్తి, మరల దాని మీద పెట్టు చేష్ట నశించినను క్రియలు నిలిచినవి. ఎన్నడును తీగ ఫోను తాకి యెరుగని యువకుడును 'పెట్టేశాడు' అనియే చెప్పును. రింగు 'ఇత్తురు', మీట 'నొక్కుదురు'. ఇక అన్నిటికంటె అర్థవంతమైన క్రియ 'పడు'. 'డబ్బులు పడ్డాయి', 'మెసేజి పడింది', 'పింఛను పడిందా' అను ప్రయోగములు చూడుడు. వాన పడును, ఎండ పడును, శిక్ష పడును. కర్త కనబడక, మనచేత కాక, పైనుండి జరుగుదానికి తెలుగు వాడు మాట యిది. 'మేస్త్రి డబ్బులిచ్చాడు' అనుటలో ఇచ్చువాడు కలడు; అడుగుటకు వీలు కలదు. 'డబ్బులు పడ్డాయి' అనుటలో ఇచ్చువాడు లేడు. పడకున్న అడుగుటకు ఎవ్వరును లేరు. అధికారము ఫోను ద్వారమున మాటలాడు తీరును ఈ ఒక్క క్రియ జనుల పక్షమున నిర్వచించినది.

పండితులు 'దూరవాణి'ని అనుసరించి 'చరవాణి'ని కల్పించిరి. పత్రికలు దానిని ఆదరించినవి. అందమైన మాటయే. కాని పటమటలో ఎవ్వరి నోటను అది వినబడదు. పైగా ఒక వైపరీత్యము గమనింపదగినది. చలించు వాణి యని మనము పేరు పెట్టుకొనిన వస్తువు, ఆ పేరు పత్రికలలో కుదురుకొనునప్పటికి, వాణిని వీడి లిపిని చేరుచున్నది.

1962లో ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున వెలువడిన మాండలిక వృత్తిపదకోశము తొలి సంపుటము వ్యవసాయ పదములను రైతుల నోటనుండి సేకరించి మనకొక మార్గమును చూపినది. ఆటోనగరు షెడ్డులలో, ఫోను మరమ్మతు బల్లల వద్ద పుట్టుచున్న మాటలకు ఆ పద్ధతి చక్కగా వర్తించును. వ్యవసాయ పదములు తరతరములు నిలిచినవి. ఈ మాటల ఆయువు పదియేండ్లకు మించుట అరుదు. అందుచే ఆలస్యమునకు ఇచ్చట తావు లేదు.

5. మిస్డ్ కాల్: మాట లేని అర్థము

అట్లు అల్పాయువుతో గడచిన వ్యవహారములలో మిస్డ్ కాల్ ముఖ్యమైనది. ఎత్తకమునుపే త్రెంచివేయు ఈ పిలుపునకు ఖర్చు లేదు, మాటయు లేదు. అర్థము మాత్రము కలదు. జొనాథన్ డోనర్ 2007లో ఆఫ్రికా వ్యవహారమును ప్రధానముగ గైకొని దీనిని మూడు తెగలుగ విభజించెను: తిరిగి పిలువుమని కోరునది, ముందుగ ఏర్పరచుకొన్న గుర్తును తెలుపునది, కేవలము తలచుకొంటినని తెలుపునది. ధనవంతుడే ఖర్చు భరింపవలెనను నియమమును కూడ ఆయన చూపెను.

ఈ విభాగమును మన శాస్త్రపరిభాషలో మరింత సూక్ష్మముగ చెప్పవచ్చును. 'ఒక రింగిస్తే బయలుదేరినట్టు, రెండిస్తే చేరినట్టు' అని ముందుగ అనుకొనుట సంకేతము. సంకేతితమైన అర్థమును బోధించుచున్నది గనుక అట్టి రింగు అభిధతోనే పనిచేయుచున్నది. సంకేతము లేని రింగు సంగతి వేరు. రాత్రి భోజనవేళ క్లీనరు ఇంటికిచ్చు రింగు క్షేమవార్త. ఉదయము కూలీ మేస్త్రికిచ్చు రింగు 'పని యున్నదా' యను ప్రశ్న. నెలాఖరున అదే రింగు 'కూలి బాకీ' యను హెచ్చరిక. ధ్వని యొక్కటే, అర్థభేదము వక్తృ, బోద్ధవ్య, దేశ, కాల వైశిష్ట్యముల వలన కలుగుచున్నది. మమ్మటాదులు ఆర్థీవ్యంజనకు చెప్పిన హేతువులివే. ఇది కావ్యమని నేను చెప్పను. అక్షరము రానివారు, రూపాయి ఖర్చు చేయలేనివారు, తమ పరస్పర పరిచయము నొక్కదానినే ఆధారముగ గొని ఇంత సూక్ష్మమైన అర్థవ్యవస్థను కల్పించుకొనిరని మాత్రము చెప్పుచున్నాను. మేస్త్రి కూలీకి మిస్డ్ కాల్ ఇచ్చుట చిన్నతనము. కూలీ మేస్త్రికి ఇచ్చుట మర్యాదకు లోపము కాదు. పెద్దచిన్నల తారతమ్యమును కూడ ఈ మాట లేని భాష లోగొనినది.

2016 సెప్టెంబరు 5న జియో సేవ ప్రారంభమై మాటలాడుట ఉచితమైన పిదప మిస్డ్ కాల్ అవసరము సన్నగిల్లినది. ఇది నిస్సందేహముగ మేలే. కాని దానితోబాటు మరియొకటి జరిగినది. 2018 చివరనుండి కొన్ని సంస్థలు, కనీసపు రీఛార్జి చేయనిచో వచ్చు పిలుపులను కూడ ఆపివేసినవి. ఎత్తుట ఉచితమను 2003 నాటి ఏర్పాటు ఇట్లు ముగిసినది. రీఛార్జి గడువు 28 దినములైనందున సంవత్సరమునకు పండ్రెండు గాక పదుమూడు మారులు చెల్లింపవలెను. కూలి దినమునకు, అద్దె నెలకు, ఫోను 28 దినములకు: పేదవాని పంచాంగమునకు ఇది కొత్త లెక్క.

6. లిపి ప్రవేశము, రాయబారి పునరాగమనము

ఇచ్చటికి వాక్కు కథ ముగిసి లిపి కథ మొదలగును. ఆధారు, బ్యాంకు ఖాతా, రేషను కార్డు, గ్యాసు, పంట నమోదు, పిల్లల ఉపకారవేతనము అన్నియు ఫోను నంబరుతో ముడిపడినవి. మాటలాడుటకు కొన్న వస్తువు చూపవలసిన పత్రమైనది. ఈ వ్యవహారమంతయు సంక్షిప్త సందేశములతో, తెర మీది అక్షరములతో నడచును. అందును బ్యాంకుల సందేశములు పెక్కు ఆంగ్లమున ఉండును. 'క్రెడిటెడ్', 'డెబిటెడ్' అను రెండు మాటలకు భేదము తెలియనివారికి తమ సొమ్ము వచ్చినదో పోయినదో తెలియదు.

దీని తీవ్రతను కొన్ని సంఖ్యలు తెలుపును. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి భారతదేశమున తామే వాడుకొను ఫోను గల స్త్రీలు 54 శాతము. అట్టివారిలోను సందేశమును చదువగలవారు 71 శాతము. ఆంధ్రప్రదేశమున ఎన్నడైనను ఇంటర్నెట్టు వాడిన స్త్రీలు 21 శాతము కాగా పురుషులు 48.8 శాతము. చేతిలో ఫోను ఉండుటయు, ఫోను తనదగుటయు, అందలి అక్షరము తెలియుటయు మూడు వేర్వేరు మెట్లని ఈ సంఖ్యలు నిరూపించుచున్నవి.

మన సాహిత్యమునకు రాయబారి కొత్త కాడు. ఈ డెల్టాలోనే పుట్టిన కూచిపూడి భామాకలాపమున సత్యభామ లేఖ వ్రాసి మాధవి చేతికిచ్చును. 1910 నాటి గురజాడ 'దిద్దుబాటు' కథలో కమలిని లేఖ పనిచేయుటకు మూలము ఆమెకు చదువబ్బుటయే. ఈ రెండింటను వ్రాయుశక్తి నాయికకు కలదు. సత్యభామకు కొరత మోయువారి విషయముననే. పటమట పేటలో నేడు జరుగుచున్నది దీనికి విపర్యయము. సందేశము తనంత తానే ఎగిరివచ్చి అరచేతిలో వ్రాలును. చదువుటకు రాయబారి కావలెను. పూర్వము దూరమును దాటుటకు రాయబారి. నేడు అక్షరమును దాటుటకు రాయబారి.

కౌటిల్యుడు దూతలను నిసృష్టార్థుడు, పరిమితార్థుడు, శాసనహరుడు అని మూడు తెగలుగ చెప్పెను. సాహిత్యదర్పణకారుడును కొలది పేరు మార్పుతో ఈ విభాగమునే గ్రహించెను. నేటి రాయబారులకు ఇది చక్కగ వర్తించును. సందేశమును చదివి చెప్పి ఊరకుండు పొరుగు పిల్లవాడు శాసనహరుడు. అడిగిన ఒక్క పనిని, అనగా ఒక దరఖాస్తును గాని ఒక చెల్లింపును గాని, చేసి ఫోను తిరిగియిచ్చు రీఛార్జి దుకాణదారుడు పరిమితార్థుడు. ఫోనును, రహస్య సంఖ్యను కూడ తన వశముననుంచుకొని అన్నియు తానే నడపువాడు నిసృష్టార్థుడు. ఇంటిలో చదువుకొన్న కుమారుడు తరచుగ ఈ మూడవవాడు. ఒక్కొక్కప్పుడు అప్పిచ్చినవాడును ఈ మూడవవాడే. పూర్వకాలమున నిసృష్టార్థుడు మిక్కిలి సమర్థుడు, మిక్కిలి నమ్మదగినవాడు అయియుండవలెను. నేడు ఆ పదవికి అర్హత అక్షరజ్ఞానము మాత్రమే.

ఓ.టి.పి. విషయమున ఈ వైషమ్యము పరాకాష్ఠ నందినది. ఈ సంఖ్యను ఎవ్వరికిని చెప్పవలదు అను హెచ్చరిక దానితోనే వచ్చును. చదువరాని స్త్రీకి ఆ హెచ్చరికను తెలిసికొనుటకే ఫోను మరియొకరికి చూపవలెను. చూపిన మాత్రమున హెచ్చరిక భంగమైనది. అనగా ఆమె విషయమున ఈ ఆజ్ఞ పాటింప శక్యము కానిది. మోసపోయిన పిదప 'చెప్పవద్దన్నాము గదా' అని సంస్థలు నిర్దోషులగుదురు. దోషము ఆమెది యగును. ఎస్.టి.డి. బూతులో మాటకు చాటు లేకుండుట అసౌకర్యము. ఇచ్చట సంఖ్యకు చాటు లేకుండుట ఆస్తినష్టము. వాక్కు తెచ్చిపెట్టిన ఏకాంతమును లిపి మరల తీసికొనిపోయినది.

వాక్కు పూర్తిగ ఓడినదని చెప్పరాదు. వాట్సాపులో 2013 నుండి ఉన్న స్వరసందేశమును వ్రాయనేరనివారు తమదిగా చేసికొనిరి. గల్ఫు దేశములకు పోయినవారు ఒకప్పుడు క్యాసెట్టులో మాటలు నింపి ఇంటికి పంపెడివారు. స్వరసందేశము ఆ క్యాసెట్టునకు వారసురాలు. గమనింపవలసినదేమన, ఇది సమానుల నడుమ నడచు వ్యవహారము. తల్లి కుమారునికి స్వరము పంపగలదు, బ్యాంకునకు పంపజాలదు. టెలిఫోను, రేడియో మొదలగువాని నూతన మౌఖికత లిపి పునాది మీదనే నిలుచునని వాల్టర్ ఆంగ్ 1982లో వ్రాసెను. పునాది అందరికిని సమముగ లేనిచోట ఆ మౌఖికత ఇంటి గడప దాటదని దానికి మనము చేర్చవలెను.

సాంకేతికముగ ఇది అనివార్యమా? కాదనుటకు పటమటలోని టీ దుకాణమే నిదర్శనము. గిరాకి ఫోనుతో చెల్లించగనే దుకాణములోని చిన్న పెట్టె ఎంత సొమ్ము వచ్చినదో తెలుగున బిగ్గరగ పలుకును. దుకాణదారుడు తెర చూడనక్కరలేదు, చదువనక్కరలేదు. వర్తకునికి అక్కరయైనపుడు యంత్రము తెలుగు నేర్చినది. సాధారణ ఫోను గలవారు మాటతో చెల్లింపు చేయు ఏర్పాటు 2022 మార్చిలో వచ్చినది. మాట, సంక్షిప్త సందేశములకు మాత్రమే ప్రత్యేక రీఛార్జి ఉంచవలెనని 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ కంపెనీలను ఆదేశించినది. వాక్కు మాత్రమే చాలుననువారు ఈ దేశమున కలరని అధికారికముగ ఒప్పుకొనుటయే ఇది. మరి 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వము 'మన మిత్ర' పేర 161 సేవలను వాట్సాపునందు ప్రారంభించినది. కార్యాలయముల చుట్టు తిరుగు శ్రమ తగ్గుటచే ఇది మెచ్చదగినది. కాని వ్రాసి అడుగుట, చదివి ఎంచుట దీనికి మూలమైనంతవరకు, మిత్రునికిని పేదకును నడుమ మరియొక మిత్రుడు కావలసియుండును.

7. ఫోను మూగవోయిన దినములు

ఏ సాధనము బలమైనను అది లేనపుడు తెలియును. 2024 సెప్టెంబరు మొదటి దినములలో విజయవాడకు అట్టి పరీక్ష వచ్చినది. బుడమేరు గండ్లు పడి నగరమునకు ఉత్తర భాగమున సింగ్ నగరు మొదలగు పేదల కాలనీలు మునిగినవి. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహముతో పారినది. మునిగిన వాడలలో విద్యుత్తు ఆగినది. విద్యుత్తు లేక ఫోనులు ఆరిపోయినవి. మేడలమీద నిలిచినవారి సంగతి పటమట వంటి మునుగని పేటలలోని బంధువులకు పడవలలో పోయివచ్చినవారి నోట తెలిసినది. కబురు మరల కబురైనది.

దీనినుండి ఫోను నమ్మదగనిదని తీర్మానించుట తొందరపాటు. నేర్వదగిన దేమన, మనిషి నోటి మాట వెనుకబడిన సాధనము కాదు. తక్కిన అన్ని సాధనములకును అడుగున నిలిచిన ఆధారము. 2024 జూలై నుండి 4,000 రూపాయల వృద్ధాప్య పింఛనును సచివాలయ ఉద్యోగులు ఇంటికి వచ్చి చేతికిచ్చుచున్నారు. ఆ ఉద్యోగి చేతిలోను యంత్రము కలదు. కాని అక్షరభారము ఆయనది, వృద్ధురాలిది కాదు. ఎదుటనున్నది మనిషి గనుక ఆమె ప్రశ్న అడుగగలదు. ప్రభుత్వము తలచిన యెడల లిపిని తనవైపు ఉంచుకొని వాక్కును ప్రజలవైపు ఉంచగలదని ఇది తెలుపుచున్నది.

8. ఉపసంహారము

పై విచారము వలన తేలిన అంశములు మూడు. ఒకటి: పేదల నడుమ ఫోను వాక్కును విస్తరింపజేసినది, ఖర్చు భరింపలేనిచోట మిస్డ్ కాల్ వంటి అర్థవ్యవస్థను వారే నిర్మించుకొనిరి. రెండు: అధికార స్థానములతోడి వ్యవహారమున ఫోను లిపియైనది, అక్షరము రానివారికి రాయబారి తప్పనిసరియైనాడు, రహస్యము అసాధ్యమైనది. మూడు: ఈ రెండవ స్థితి యంత్రస్వభావము వలన గాక, ఎవరి సౌకర్యమునకు యంత్రమును తీర్చితిమను ఎన్నిక వలన కలిగినది.

తెలుగు శాఖలు చేయదగిన పని ఇందు కలదు. ఆటోనగరు, అడ్డా, నాట్ల ముఠా, మరమ్మతు బల్లల నుండి ఫోను వ్యవహార పదములను కాలనిర్దేశముతో సేకరింపవలెను. మిస్డ్ కాల్ సంకేతములను వాడినవారు జీవించియుండగనే వ్రాసికొనవలెను. బ్యాంకులు, కార్యాలయములు పంపు సందేశములను పరిశీలించి, వినగనే తెలియు తెలుగున మాదిరి వాక్యములను సమకూర్పవలెను. 'జమ', 'ఖర్చు' అను మాటలు పేటలో ఎల్లరకును తెలిసియుండగా 'క్రెడిటెడ్', 'డెబిటెడ్' అను మాటల అవసరమేమో సంస్థలను ప్రశ్నింపవలెను. కొత్త పదముల కల్పనకంటె ఈ పని ముఖ్యము.

లేఖకు మన పూర్వులు బదులను అర్థము గల పేర్లు పెట్టుకొనిరని ఆరంభమున చెప్పితిని. బదులు చెప్పుటకు వీలుండుటయే లేఖా లక్షణమని ఆ పేర్లు సూచించుచున్నవి. నేడు సంస్థలనుండి పేదవాని ఫోనునకు వచ్చు సందేశములు పెక్కింటికి బదులు పంపు మార్గమే లేదు. ఆ సందేశములు తెలుగున వచ్చుటయు, చెవికి వినబడునట్లు వచ్చుటయు, వాటికి పటమట స్త్రీ తన నోట బదులు చెప్పగలుగుటయు సిద్ధించిన నాడు అవి ఉత్తరములను పేరునకు తగియుండును.